పేపర్లు వేరైనా చర్చ ఒకటే: మీడియా మన మీద పనిచేసే తీరు

2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస ప్యాసింజర్‌ను విశాఖ–రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. రాయగడ బండి నడిపిన లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ కూడా వాళ్లలో ఉన్నారు. ఆ ప్రమాదం ఎందుకు జరిగిందని ఇప్పుడు జిల్లాలో ఎవరినైనా అడిగి చూడండి. "డ్రైవర్లు సెల్లో క్రికెట్ చూస్తున్నారంట కదా" అన్న జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ.

ఇది టీకొట్టు దగ్గర పుట్టిన పుకారు కాదు. 2024 మార్చిలో సాక్షాత్తూ రైల్వే మంత్రే ఒక వార్తాసంస్థతో ఆ మాట అన్నారు. ప్రమాదం జరిగిన రోజు లక్నోలో ఇండియా–ఇంగ్లండ్ ప్రపంచకప్ మ్యాచ్ జరిగిన సంగతి నిజమే. ఇంకేం, కథ అతికినట్టు సరిపోయింది. దేశమంతా పేపర్లూ ఛానళ్లూ దాన్ని ఎత్తుకున్నాయి. కొన్ని నెలల తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు వివరాలు బయటికొచ్చాయి. ప్రమాద సమయంలో ఆ ఇద్దరి ఫోన్లలోనూ డేటా వాడకమే లేదని రికార్డులు చెప్పాయి. ఈ రెండో వార్త కూడా పేపర్లలో వచ్చింది. కానీ మొదటిదానిలా ఊరూరా తిరగలేదు. చనిపోయిన ఇద్దరు మనుషుల మీద పడ్డ మచ్చ చాలామంది బుర్రల్లో అలాగే ఉండిపోయింది.

సరిదిద్దినా తప్పు ఎందుకు పోదు? 1994లో హోలిన్ జాన్సన్, కొలీన్ సైఫర్ట్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఒక గోదాము తగలబడిన కథను కొందరి చేత చదివించారు. అక్కడ ఒక చిన్న గదిలో పెయింట్ డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని ముందు చెప్పారు. కాసేపటికి, అది పొరపాటు, గది ఖాళీగానే ఉందని సవరించారు. సవరణ దాదాపు అందరికీ గుర్తుంది. అయినా పొగ అంత నల్లగా ఎందుకు వచ్చిందని అడిగేసరికి చాలామంది పెయింట్ వల్లే అన్నట్టు జవాబులు రాశారు. మంటకు ఇంకో కారణం చూపించినప్పుడు మాత్రం పాత కారణం పట్టు బాగా తగ్గింది.

అంటే "అది కాదు" అని చెబితే చాలదు, "ఇది" అని కూడా చెప్పాలి. కంటకాపల్లి విషయంలో ఆ "ఇది" చెప్పడం కష్టం. పాడైన ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర బండి ఎన్ని నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత ఎంత వేగంతో కదలాలి, సిగ్నల్ విభాగం ఎవరికి ఏం తెలియజేయాలి అన్న నిబంధనల కథ అది. నిజం అక్కడే ఉంది, కానీ దాన్ని ఒక్క వాక్యంలో పక్కవాడికి చెప్పలేం. క్రికెట్ కథను చెప్పగలం. పైగా చెప్పిన కొద్దీ అది ఇంకా నిజంలా వినిపిస్తుంది. ఒకే మాటను కొన్ని వారాల ఎడంతో మళ్లీ మళ్లీ వింటే, నిజమైనా కాకపోయినా దాని మీద నమ్మకం పెరుగుతుందని 1977లోనే అమెరికాలో విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగంలో తేలింది.

ఏం ఆలోచించాలో కాదు, దేని గురించి ఆలోచించాలో

మీడియా అనగానే మనకు తోచే బొమ్మ ఒకటుంది: వాళ్లు ఏదో చెబుతారు, జనం నమ్మేస్తారు, నమ్మినట్టే చేస్తారు. పరిశోధకులు కూడా మొదట్లో ఇంచుమించు ఇలాగే అనుకున్నారు. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో ఓటర్లను నెలల తరబడి కలిసి, పేపర్లు, రేడియో వాళ్ల ఓటును ఎలా మారుస్తాయో చూద్దామనుకుంది. మార్చినవి చాలా తక్కువ. ఎక్కువమంది ముందే నిర్ణయించుకున్నారు, ప్రచారం ఉన్న అభిప్రాయాన్ని గట్టిపరిచిందంతే. ఊగిసలాడినవాళ్లు కూడా రేడియో కంటే తమకు తెలిసిన మనిషి మాటకే ఎక్కువ విలువిచ్చారు.

మరి మీడియాకు బలం లేదా? ఉంది, అయితే వేరే చోట ఉంది. పత్రికలు జనానికి ఏం ఆలోచించాలో చెప్పడంలో చాలాసార్లు విఫలమవుతాయి గానీ, దేని గురించి ఆలోచించాలో చెప్పడంలో మాత్రం అద్భుతంగా నెగ్గుతాయని 1963లో బెర్నార్డ్ కోహెన్ రాశాడు. 1968 అమెరికా ఎన్నికల్లో మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ ఊళ్లో ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను "దేశానికి ముఖ్యమైన సమస్యలేవి" అని అడిగి, ఆ జాబితాను అక్కడివాళ్లు చదివే, చూసే వార్తల్లో దేనికెంత చోటు దొరికిందన్న జాబితా పక్కన పెట్టారు. రెండూ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి.

దీన్ని మన దగ్గరికి తెచ్చుకుంటే ఇంకో మెట్టు ముందుకెళ్లొచ్చు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో గానీ విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ ఏ పేపర్ ఏ పార్టీ వైపో తెలియని మనిషి ఉండడు. పేపర్ తెరవకముందే దానిలో హెడ్డింగ్ ఎలా ఉంటుందో చెప్పేవాళ్లున్నారు. ఇంత తెలివైన పాఠకుణ్ణి ఎవరు మోసం చేస్తారులే అనిపిస్తుంది. రెండు వైపుల పేపర్లూ పక్కపక్కన పెట్టి చదవండి. ఇద్దరూ తిట్టుకుంటున్నది ఒకే విషయం మీద. ఒకరు తెల్లనిది ఇంకొకరు నల్లనిది అంటారు, కానీ ఆ వస్తువు ఒకటే. పలాసలో 80 కిలోల జీడిపిక్కల బస్తా ధర ఎందుకు పడిపోయింది, జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు ఎందుకు అలా కాలిపోయి ఉంటాయి, జూట్ మిల్లు మూతపడితే కార్మికుడి పీఎఫ్ ఏమవుతుంది అన్నవి ఇద్దరి మొదటి పేజీల్లోనూ అరుదే. పక్షపాతాన్ని పసిగట్టడం మనకు అలవాటైపోయింది. ఇద్దరూ కలిసి వదిలేసినదాన్ని పసిగట్టడం కష్టం, ఎందుకంటే లేనిది కంటికి కనబడదు.

జిల్లా పేజీ అనే గోడ

ఈనాడు 1974 ఆగస్టు 10న పుట్టింది విశాఖలో. అంటే హైదరాబాద్, విజయవాడ కాకుండా మన వైపు నుంచే తెలుగు పత్రికల ఆధునిక దశ మొదలైందని గర్వంగా చెప్పుకోవచ్చు. 1980ల చివర్లో జిల్లా అనుబంధాలు వచ్చాయి, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దాంతో మందసలో కూలిన కల్వర్టు, గరివిడిలో ఆగిన బస్సు కూడా వార్తలయ్యాయి. మండలానికో విలేకరి వచ్చాడు. ఇది చిన్న మార్పేమీ కాదు. తన ఊరి పేరు అచ్చులో చూసుకున్న పాఠకుడు పేపర్‌ను తనదనుకున్నాడు.

దీనికి ఇంకో ముఖం ఉంది. జిల్లా పేజీలో అచ్చయిన వార్త జిల్లా దాటదు. శ్రీకాకుళం పేజీ విజయనగరంలో రాదు, విజయనగరం పేజీ గుంటూరులో రాదు. సమస్య ఉన్నవాళ్లే ఆ సమస్య గురించి చదువుకుంటారు. పరిష్కరించగల అమరావతికో ఢిల్లీకో అది చేరదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఊరు కదల్లేదు, నిన్నటిదాకా ఇరుగుపొరుగు వార్తలనుకున్నవి మాత్రం కదిలిపోయాయి.

ఉద్దానం కథంతా ఈ గోడ చుట్టూనే తిరిగింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊళ్లలో కిడ్నీలు పాడై మనుషులు చనిపోవడం ఏళ్లుగా జరుగుతోంది. షుగర్, బీపీ లేని రైతుకూలీలకు కూడా ఆ జబ్బు వస్తోంది. స్థానిక డాక్టర్లు చెప్పారు, విలేకరులు రాశారు. డయాలసిస్ కోసం జనం విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దాకా రైలెక్కి వెళ్లారు. రాష్ట్రానికి ఇది "శ్రీకాకుళం వార్త"గానే ఉండిపోయింది.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో కూర్చున్నారు. ఆయన చెప్పిన సంగతులు అక్కడివాళ్లకు కొత్త కాదు. కెమెరాలు కొత్త. ఒక సినిమా హీరో ఉన్నచోటికి అన్ని ఛానళ్ల వ్యాన్లూ వస్తాయి, జిల్లా పేజీలో ఉన్న సమస్య ఒక్కరోజులో మెయిన్ పేజీకి ఎక్కింది. ఆ తర్వాత అన్ని పార్టీలూ ఉద్దానం గురించి మాట్లాడక తప్పలేదు. డయాలసిస్ రోగులకు పింఛను వచ్చింది, 2019లో అది నెలకు 10,000 రూపాయలైంది. హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చింది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఎవరి ఘనత ఎంతన్న వాదన ఇక్కడ పెట్టుకోను, అది ఏ టీకొట్టు దగ్గరైనా దొరుకుతుంది. జబ్బు తీవ్రత ఆ జనవరిలో మారలేదు. మారింది దాన్ని ఎవరు చూశారన్నదే.

వెలుగులోకి వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. ఉద్దానం జబ్బుకు కారణం ఇదేనని ఈరోజుకీ శాస్త్రం తేల్చలేదు. నీళ్లలో సిలికా, పురుగుమందులు, ఎండలో పని చేసి ఒళ్లు ఎండిపోవడం, నొప్పి మాత్రలు, జన్యువులు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. టీవీ కథనానికి మాత్రం ఒక దోషి కావాలి. బావి దగ్గర బిందె పట్టుకున్న ఆడమనిషి బొమ్మ తీయడం సులువు, అనుమానాల జాబితాను బొమ్మ తీయలేరు. అలా "ఉద్దానం నీళ్లు" అన్నది స్థిరపడిపోయింది. క్యాన్ నీళ్లు కొనుక్కోవడం మంచిదే కావచ్చు, కానీ నీళ్లు మారిస్తే ఇక భయం లేదనుకుని పరీక్షలు మానేసేవాడికి ఆ బొమ్మ మేలు చేయలేదు. పెళ్లి సంబంధాల దగ్గర ఇంకో దెబ్బ: ఉద్దానం అనగానే వెనకాడే కుటుంబాలున్నాయి. సాయం తెచ్చిన కథనాలే ఈ మచ్చనూ తెచ్చాయి.

ఒకే సంగతిని ఏ వైపు నుంచి చూపిస్తే జనం నిర్ణయం అలా మారుతుందని 1981లో ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కతో సహా చూపించారు. 600 మంది ప్రాణాలకు ముప్పు తెచ్చిన జబ్బు ఉందనుకోమన్నారు. "200 మంది కచ్చితంగా బతుకుతారు" అన్న పథకాన్ని 72 శాతం ఎంచుకున్నారు. అదే పథకాన్ని "400 మంది చనిపోతారు" అని రాసి ఇంకో గుంపుకు ఇస్తే 22 శాతమే ఒప్పుకున్నారు. అంకె మారలేదు, వాక్యం మారింది.

బొమ్మ లేకపోతే తుపాను లేదు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు వజ్రపుకొత్తూరు తీరంలో దాటింది. విశాఖలో దెబ్బతిన్న ఎయిర్‌పోర్టు, ఒరిగిన హోర్డింగులు, విరిగిన చెట్లు దేశమంతా చూసింది. సినిమా పరిశ్రమ కదిలింది, విరాళాలు వెల్లువెత్తాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, సెల్ సిగ్నల్ పోయింది. బాధలో ఉన్నవాడి దగ్గర వీడియో తీసి పంపే దారే లేదు. నష్టం ఎంత ఎక్కువైతే బొమ్మలు అంత తక్కువ వచ్చాయి.

ఇంకో తేడా కూడా ఉంది. నగరంలో పడిన చెట్టు వారంలో తీసేస్తారు, వార్త కూడా వారంలో ముగుస్తుంది. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్లలో ఏ రోజూ "ఈరోజు కొబ్బరి కాయలేదు" అని బ్రేకింగ్ రాదు. హఠాత్తుగా జరిగేదే వార్త అనే లెక్కలో మెల్లగా జరిగే నష్టాలకు చోటుండదు. వలసకూ అంతే. మన జిల్లాల నుంచి మత్స్యకారులు గుజరాత్ తీరానికి పనికి వెళ్లడం దశాబ్దాల సంగతి. 2018 నవంబర్‌లో కొందరిని పాకిస్తాన్ పట్టుకెళ్లినప్పుడు, 2020 జనవరిలో వాళ్లను వాఘా దగ్గర వదిలినప్పుడు వార్త అయింది. అసలు సొంత సముద్రం వదిలి అంతదూరం ఎందుకు వెళ్తున్నారన్నది ఆ మధ్యలో ఎక్కడో మునిగిపోయింది.

తుపాను హెచ్చరికలో మాత్రం మీడియా నిజంగా ప్రాణాలు కాపాడుతోంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అక్కడ కూడా ఈరీ కౌంటీ పాఠమే పనిచేస్తుంది. టీవీలో రెడ్ అలర్ట్ చూసినంత మాత్రాన తీరంలో ముసలమ్మ ఇల్లు వదలదు. ఊరి పెద్దో, వీఆర్వోనో, బోటు యజమానో వచ్చి "పిన్నీ, లెగు, స్కూలుకెళ్దాం" అంటే కదులుతుంది.

టీవీ, పేపర్ మొదటి మెట్టు, తెలిసిన మనిషి మాట రెండో మెట్టు అనుకుంటే, ఈ రెండో మెట్టు మీదే ఇప్పుడు వాట్సాప్ కూర్చుంది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లో మెసేజ్‌లు పాకాయి. దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. పేపర్లో చదివితే ఆ వార్తను అనుమానించే మనిషే, బావ ఫార్వర్డ్ చేశాడు కాబట్టి నమ్మాడు. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని పరిమితి పెట్టింది. పుకారు వేగం తగ్గించడానికి అది పనికొచ్చి ఉండొచ్చు, బావ మీద నమ్మకాన్ని ఏ పరిమితీ తగ్గించదు.

కరోనాలో మొదటి మెట్టు, రెండో మెట్టు రెండూ ఒకేసారి భయాన్ని పంచాయి. 2020 జూన్‌లో పలాసలో చనిపోయిన ఒక పెద్దాయనకు పాజిటివ్ అని తెలియగానే శవాన్ని జేసీబీలో తరలించారు. ఆ సిబ్బంది క్రూరులు కారు, నెలల తరబడి టీవీలో చూసిందే వాళ్ల తలలో ఉంది. దాని వీడియో బయటికొచ్చాక రాష్ట్రమంతా తలదించుకుంది, మున్సిపల్ అధికారుల మీద సస్పెన్షన్ వేటు పడింది. ఒకే మీడియా ముందు ఆ భయాన్ని పెంచింది, తర్వాత సిగ్గుపడేలా చేసింది.

సినిమాలో మన యాస

వార్తల కంటే మెల్లగా, లోతుగా దిగేది వినోదం. ఏళ్ల తరబడి టీవీలో హింస ఎక్కువ చూసేవాళ్లు బయటి లోకం నిజంగా ఉన్నదానికన్నా ప్రమాదకరమని అనుకుంటారని జార్జ్ గెర్బ్నర్ అనే మీడియా పరిశోధకుడు చెప్పాడు. ఒక్క కార్యక్రమం మనిషిని మార్చదు, వెయ్యి కార్యక్రమాలు ఒకే బొమ్మ చూపిస్తే అదే లోకమైపోతుంది. తెలుగు సినిమాలో శ్రీకాకుళం యాస ఎవరి నోట వినిపించింది? వాచ్‌మన్, పనిమనిషి, అమాయకపు బంధువు, నవ్వించే పక్కపాత్ర. ఈమధ్య హీరోలు కూడా మాట్లాడుతున్నారు, సంతోషమే. అంతకుముందు కొన్ని దశాబ్దాల పాటు హాల్లో జనం ఆ యాస వినగానే, ఏం మాట్లాడుతున్నారో వినకముందే నవ్వడం నేర్చుకున్నారు. హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్లిన మన పిల్లలు మొదటి నెలలోనే మాట మార్చుకోవడానికి కారణం ఆ నవ్వే.

ఇందులో విచిత్రం ఏమిటంటే, వాడుక మాటకు తెలుగు సాహిత్యంలో పీట వేసింది ఈ విజయనగరమే. కన్యాశుల్కం వివాహాల లెక్క తీయించిన విజయనగరం మహారాజా ఆనందగజపతికి, మూడేళ్లలో విశాఖపట్నం జిల్లాలో 1,034 పెళ్లిళ్లు తేలాయని, ఏడాది నిండిన పసిపాపలను కూడా అమ్మారని గురజాడ తన నాటకం ముందుమాటలో రాశారు. చట్టం తెచ్చే ప్రయత్నం ఫలించలేదు. 1892లో విజయనగరంలో ఆ నాటకం ఆడారు. అంకెలు కాగితం మీదే ఉండిపోయాయి, మధురవాణి, గిరీశం జనంలోకి వెళ్లారు. ఆ దురాచారం నాటకం వల్లే పోయిందని నేను అనను, చదువు, చట్టాలు, ఆర్థిక మార్పులు అన్నీ కలిశాయి. కానీ నవ్వుకోవాల్సింది దేన్ని చూసి అన్నది ఆ నాటకం మార్చింది. బలహీనుణ్ణి చూసి నవ్వించడం, అన్యాయాన్ని చూసి నవ్వించడం రెండూ ఒకే సాధనంతో చేయొచ్చు.

ఎవరు చెల్లిస్తున్నారు?

ఇంత చదివాక "నిజమే, జనం అలాగే పడిపోతారు" అనిపిస్తే, ఆ "జనం"లో మీరు లేరన్నమాట. 1983లో ఫిలిప్స్ డేవిసన్ అనే పరిశోధకుడు దీన్ని గమనించాడు: మీడియా ప్రభావం తన మీద తక్కువ, ఎదుటివాళ్ల మీద ఎక్కువ అని ప్రతివాడూ అనుకుంటాడు. అందరి విషయంలో అది నిజం కావడానికి వీల్లేదు.

అయితే మొత్తం నేరాన్ని మన బుర్ర మీద వేయడం కూడా సరికాదు. ఏది వార్త కావాలో తేల్చేది చివరికి డబ్బు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర సొమ్ము తీసుకుని ప్రకటనలను వార్తలుగా వేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పాత్రికేయులు పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. 2010లో వాళ్లు పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిల్ ముందు కుదించిన కాపీని మాత్రమే బయటపెట్టింది. పూర్తి నివేదిక వెలుగు చూడటానికి సమాచార హక్కు వాడాల్సి వచ్చింది.

మండలంలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. చాలా పత్రికల్లో మండల విలేకరికి జీతం ఉండదు, ఉన్నా బండి పెట్రోలుకు చాలదు. చేతిలో అక్రిడిటేషన్ కార్డు (ప్రభుత్వం ఇచ్చే విలేకరి గుర్తింపు కార్డు), మెడ మీద ప్రకటనల టార్గెట్ ఉంటాయి. ఆగస్టు 15, దసరా, సంక్రాంతి, ఎమ్మెల్యే పుట్టినరోజు వస్తే యాడ్‌లు తేవాలి. ఇచ్చేవాళ్లు ఎవరు? ప్రైవేటు స్కూలు, రైస్ మిల్లు, ఇసుక కాంట్రాక్టర్, నర్సింగ్ హోమ్. అతను రాయాల్సిన వార్తల్లో సగం వీళ్ల గేట్ల లోపలే ఉంటాయి.